గోడ రంగు తాడు

ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి గుర్తు, వరండాలో నిచ్చెన కదిలిన చప్పుడు. రాత్రంతా గోడవారగా పడుకుని ఉండే ఇరవై రెండు మెట్ల నిచ్చెనను మేస్త్రి ఒక కొస, అతని భార్య ఒక కొస పట్టుకుని లేపి, గుమ్మానికి తగలకుండా కాస్త వాల్చి బయటికి తీసేవారు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు కాబట్టి ఒకరికొకరు చెప్పుకోవాల్సిన పనిలేదు. కళ్ళు మూసుకుని కూడా తీయగలరు. ఆ మాటకొస్తే చలికాలంలో సగం రోజులు కళ్ళు మూసుకునే తీసేవారు.

మేస్త్రి మేడల బయటి గోడలకు రంగులు వేస్తాడు. అతను పైన ఉన్నంతసేపూ ఆమె కింద నిచ్చెన పట్టుకుని నిలబడుతుంది. పెళ్ళయిన రెండో నెలలో, పట్టుకునే మనిషి రాలేదని ఒక్కరోజుకి వెళ్ళిన మనిషి, ఆ ఒక్కరోజు నుంచి ఇంకా తిరిగి రాలేదన్నమాట. వీధిలో అందరూ ఆమెను నిచ్చెనమ్మ అంటారు. ఆ పిలుపు ఆమెకు ఇష్టమే. పేరు పెట్టి పిలిస్తేనే కాస్త ఆలస్యంగా పలుకుతుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. పెద్ద కట్టడాలు కట్టే కంపెనీలో, ఎత్తు మీద పనిచేసేవాళ్ళకు జాగ్రత్తలు నేర్పే ఉద్యోగం ఆమెది. ఎవడు బెల్టు లేకుండా కనిపించినా ఒంటికాలి మీద లేస్తుంది కాబట్టి అక్కడ పనివాళ్ళు ఆమెను వెనకాల 'బెల్టు మేడం' అనుకుంటారు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ అమ్మడే.

"నిన్న కొత్తగా చేరినవాళ్ళకి నిచ్చెన పాఠం చెప్పాను నాన్నా" అంది అమ్మడు ఆ ఉదయం, కాఫీ చల్లార్చుకుంటూ. "నిచ్చెన జారకుండా ఏం చేస్తారు అని అడిగాను. 'కింద ఒక మనిషిని పట్టుకోమంటాం మేడం' అని అందరూ ఒకే మాట. అందరికీ సున్నా వేశాను."

"అయ్యో, సున్నా ఎందుకే?" అంది తల్లి.

"మనిషి మనిషే కదమ్మా. తుమ్మొస్తుంది, ఎవరో పిలుస్తారు, చూపు పక్కకి పోతుంది. అసలు నిచ్చెన జారడం మొదలుపెట్టాక పైనున్నవాడి బరువుని కింద ఉన్నవాడు ఆపలేడు. అందుకే పైన కట్టాలి. గట్టి ఆధారం చూసుకుని, రెండు పక్క కర్రలకీ కలిపి కట్టాలి."

"అయితే మీ అమ్మకీ సున్నానేనా?" అన్నాడు మేస్త్రి నవ్వుతూ.

"అమ్మ సంగతి వేరు, నేనలా అన్నానా?"

"అన్నట్టే ఉందిలే" అంది తల్లి. తను కూడా నవ్వింది కానీ, ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కడగడం మరిచిపోయి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆమె గుండెల్లో ఒక రహస్యం ఉంది. కొంతకాలంగా నిచ్చెన పట్టుకుని నిలబడ్డప్పుడు ఆమె అక్కడ ఉండడం లేదు. మనిషి అక్కడే ఉంటుంది, చేతులు కర్రల మీదే ఉంటాయి, కళ్ళు తెరుచుకునే ఉంటాయి. మనసు మాత్రం ఎటో వెళ్ళిపోతుంది. తిరిగొచ్చేసరికి ఎండ జానెడు జరిగి ఉంటుంది. ఎవరికైనా చెబితే తనను ఇంట్లో కూర్చోబెడతారు. అప్పుడు ఆయన్ని ఎవరు పట్టుకుంటారు? వేరే ఎవరి చేతుల్లోనో ఆయన ప్రాణం పెట్టడం కంటే, తనే గట్టిగా మెలకువగా ఉంటే సరిపోతుంది కదా! రోజూ పొద్దున్నే అలా అనుకుని బయలుదేరేది. రోజూ ఎటో వెళ్ళిపోయేది.

అప్పుడు వాళ్ళు చేస్తున్న పని ఒక పాత గ్రంథాలయానికి లేత పసుపు రంగు వేయడం. రెండంతస్తుల రాతి కట్టడం. చూరు కింద వరుసగా ఇనుప కడియాలు, ఎవరు ఎందుకు బిగించారో ఎవరికీ తెలియదు. కింద కిటికీలోంచి చూస్తే లోపల పేజీలు తిప్పుతున్న చేతులు మాత్రమే కనిపిస్తాయి. మేస్త్రికి ఆ చోటుతో ఒక్కటే ఇబ్బంది. నిచ్చెన ఎక్కుతూ మాట్లాడకుండా ఉండలేడు.

"ఇవాళ ఏం వారమోయ్?" అని అరిచాడు ఆ పొద్దున కూడా, మూడో మెట్టు మీంచి.

"మంగళవారం."

"నా చొక్కాకి గుండీలెన్ని?"

"ఆరు. ఇప్పుడు అయిదు."

"ఆ ఆరోదాన్ని ఎవరు పీకారు?"

"మీ పొట్ట."

కిటికీ తెరుచుకుంది. లైబ్రేరియన్ పెద్దాయన తల బయటపెట్టి, పెదాల మీద వేలు పెట్టుకుని, ఇద్దరికేసీ కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆమె నోరు నొక్కుకుంది. మేస్త్రి గొంతు తగ్గించాడు కానీ ప్రశ్నలు మాత్రం తగ్గించలేదు. మెట్టుకొక ప్రశ్న చొప్పున పైదాకా వెళ్ళాక గాని నోరు మూసుకోలేదు.

ఇక అంతా నిశ్శబ్దం. కుంచె గోడ మీద నడిచే చప్పుడు, ఎక్కడో పావురాళ్ళ గురగుర. తడి రంగు మీద ఎండ పడింది. ఆ పసుపు మెల్లగా గోడ దాటి వచ్చింది. ఆమె పాదాల దాకా వచ్చి, పాదాలు దాటి, పెద్ద వాకిలిలా పరుచుకుంది. ఆ వాకిట్లో ఆమె చెప్పుల్లేకుండా నడుస్తోంది. కాళ్ళు నొప్పి లేవు. చేతిలో ఏమీ లేదు, పట్టుకోవాల్సింది ఏదీ లేదు. గాలికి రంగు వాసన, తడిసిన మట్టి వాసన. ఎవరో తనను దూరం నుంచి పిలుస్తున్నారు. తొందరేముంది, వెళ్దాంలే అనుకుంది.

"అమ్మా!"

ఆరోజు సెలవు పెట్టి, ఇద్దరికీ భోజనం తీసుకుని వచ్చిన అమ్మడు, గేటు దగ్గర ఒకసారి, చెట్టు దగ్గర ఒకసారి, పక్కన నిలబడి ఒకసారి పిలిచింది. తల్లి కళ్ళు తెరిచి గోడకేసి చూస్తోంది. పెదాల మీద చిన్న నవ్వు. అమ్మడు భుజం మీద చేయి వేసి, "అమ్మా!" అని గట్టిగా కుదిపింది.

తల్లి ఉలిక్కిపడి రెండు చేతులూ ఒక్కసారి వదిలేసింది.

అమ్మడు సంచీ కింద పడేసి నిచ్చెనను వాటేసుకుంది. నిచ్చెన కదల్లేదు. పైనుంచి మేస్త్రి, "ఏంటర్రా కింద గోల? పెద్దాయన వస్తాడు" అన్నాడు నింపాదిగా.

"నాన్నా, దిగు. ఇప్పుడే దిగు" అంది అమ్మడు. ఆమె గొంతు విని మేస్త్రి మారు మాట్లాడకుండా దిగాడు.

"అమ్మని ఎన్నిసార్లు పిలిచానో తెలుసా? పక్కనే నిలబడి పిలిచినా వినపడలేదు. నువ్వేమో ఇరవై అడుగుల పైనున్నావు!"

"ఏదో ఆలోచనలో ఉండుంటుంది. ఆలోచించుకోవడం కూడా నేరమేనా నీ కంపెనీలో?"

"ఆలోచన కాదు నాన్నా. అమ్మ అక్కడ లేదు."

"ఎండ కదే, కాస్త..." అంటూ మేస్త్రి ఇంకా ఏదో చెప్పబోయాడు.

"నా తరఫున అబద్ధాలాడకండి" అంది తల్లి. అప్పటిదాకా తన అరచేతులు చూసుకుంటూ ఉంది. "అమ్మడు చెప్పింది నిజమే. ఇవాళొక్కరోజు కాదు. చాన్నాళ్ళుగా ఇంతే. ఆపుకుందామని గోళ్ళతో గిచ్చుకుంటాను, లెక్కలు పెట్టుకుంటాను. అయినా పోతోంది. మీరు పైనున్నారని తెలిసి కూడా నేను..." మాట పూర్తి కాకుండానే ఏడుపు వచ్చేసింది. "రేపటినుంచి నేను రాను. అమ్మడు చెప్పినట్టే చేయండి."

మేస్త్రి కూతురికేసి, భార్యకేసి మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో కోపం ఉంటే అమ్మడు తట్టుకునేది. కానీ అక్కడ ఉన్నది భయం. రేపటినుంచి రాను అన్న మాటకు నాన్న ఎందుకంత బెదిరిపోయాడో ఆమెకు అంతుపట్టలేదు.

మర్నాడు అమ్మడు ఇంకో సెలవు పెట్టింది. నిచ్చెనను తండ్రీ కూతుళ్ళు మోశారు. గుమ్మం దాటేటప్పుడు కొస వెళ్ళి తలుపు చెక్కకు టక్కున తగిలింది. వంటింట్లో ఆమె కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. వాళ్ళు వెళ్ళాక ఇల్లు ఊడ్చింది, మళ్ళీ ఊడ్చింది. కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే అవి వేరెవరివో తీసుకొచ్చి తన ఒళ్ళో పెట్టినట్టున్నాయి.

గ్రంథాలయం దగ్గర అమ్మడు నిచ్చెన నిలబెట్టించింది. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి ఎడం కొలిచింది, కాళ్ళ కింద నేల గట్టిగా ఉందో లేదో తొక్కి చూసింది. తండ్రి ఎక్కుతుంటే రెండు చేతులా పట్టుకుంది. అతను ఆరోజు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పైకి వెళ్ళాక కుంచె వెంటనే తీయలేదు. ఎడమ చేయి చూరు కిందికి పోనిచ్చి, కిందవాళ్ళకు కనపడకుండా వీపు అడ్డుపెట్టి, ఏదో కాసేపు సర్దుకున్నాడు. ఆ తర్వాతే పని మొదలుపెట్టాడు.

అమ్మడు రోజూ వందమంది చేతులు గమనించే మనిషి. ఆ చేయి ఏం చేసిందో ఆమెకు వెంటనే అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కాలేదు. రంగు కలుపుకోవడానికి అతను దిగగానే, "పట్టుకో నాన్నా" అని చెప్పి గబగబా ఎక్కేసింది.

"అమ్మడూ, ఎందుకే? దిగు. నే చెబుతాను, దిగు!"

చూరు నీడలో, ఇనుప కడియానికీ నిచ్చెన పక్క కర్రకీ మధ్య ఒక తాడు ఉంది. లేత పసుపు తాడు. గోడ మీద గోడలా కలిసిపోయి ఉంది. కింద నుంచి చూస్తే దేవుడికి కూడా కనిపించదు. ఆమె ముడి విప్పి తాడును మెడలో వేసుకుని దిగింది.

"ఇది ఎప్పటినుంచి?"

మేస్త్రి నిచ్చెన వదిలి గ్రంథాలయం వాకిలి మెట్ల మీద కూర్చున్నాడు. "మూడేళ్ళవుతుంది."

"కట్టుకోవడం మంచిదే కదా నాన్నా, దాచడం దేనికి? మరి మూడేళ్ళుగా అమ్మని ఎండలో ఎందుకు నిలబెడుతున్నావు?"

అతను పసుపు అంటిన వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "ఒకసారి ఆసుపత్రి గోడకి నీలం వేస్తున్నాం. పైనుంచి ఒక చుక్క మీ అమ్మ నుదుటి మీద పడింది. మామూలుగా అయితే నా ఏడు తరాలనీ తిట్టిపోసేది. ఆరోజు ఉలుకూ పలుకూ లేదు. దిగొచ్చి చూశాను. పక్కన నిలబడ్డాను, నేనొచ్చినట్టే తెలీదు. కానీ అమ్మడూ, ఆ మొహం చూడాలి నువ్వు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత హాయిగా ఉన్న మొహం నేను చూడలేదు. ఎక్కడికెళ్ళిందో గానీ మంచి చోటికే వెళ్ళింది. లేపబుద్ధి కాలేదు. చప్పుడు కాకుండా మళ్ళీ పైకెక్కి పని చేసుకున్నాను. ఆ సాయంత్రం వెళ్ళి తాడు కొన్నాను."

"చెప్పాల్సింది కదా!"

"చెబితే మానేసేది. మానేసి ఇంట్లో కూర్చుంటే ఏమైపోతుంది మీ అమ్మ? తను పట్టుకోకపోతే నేను పడిపోతానని కదా పొద్దున్నే అంత ఉషారుగా లేస్తుంది. అందుకే ఏ గోడకి ఆ రంగులో తాడుని ముంచేవాణ్ణి, కనపడకుండా. నీలం గోడకి నీలం, బడి గోడకి గులాబీ..."

అమ్మడు మెడలోంచి తాడు తీసి చూసింది. పొర మీద పొర రంగు ఎక్కి కర్రలా బిగుసుకుపోయి ఉంది. ముడి పడిన చోట వంచింది. పసుపు పెచ్చు లేచింది, దాని కింద ఆకుపచ్చ, దాని కింద గులాబీ, అట్టడుగున నీలం. పెచ్చులు రాలిపోయాక లోపలి పీచు నల్లబడి, పొడిపొడిగా కనిపించింది. ఆమె రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగింది. తాడు పుటుక్కున తెగింది.

తండ్రీ కూతుళ్ళు తెగిన రెండు ముక్కల వంకా చూస్తూ ఉండిపోయారు.

"తాడుకి రంగు వేయకూడదు నాన్నా" అంది అమ్మడు. ఆమె గొంతులో బెల్టు మేడం లేదు, ఏడవబోతున్న పిల్ల ఉంది. "లోపల పాడైపోతున్నా పైకి తెలీదు. ఇన్నాళ్ళూ నువ్వు దేన్ని నమ్ముకుని అక్కడ నిలబడ్డావు?"

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా."

ఇద్దరూ తిరిగి చూశారు. చెట్టు పక్కన ఆమె నిలబడి ఉంది. ఇంట్లో ఉండలేక భోజనం సంచీ వంకతో వచ్చేసింది. ఎంతసేపైందో గానీ, మొహం చూస్తే అంతా విన్నదని తెలుస్తూనే ఉంది.

మేస్త్రి లేచాడు. "నీ మంచికేనోయ్..."

"ఏది నా మంచి? మూడేళ్ళు నన్ను బొమ్మని చేసి నిలబెట్టడమా? కాళ్ళు పీకేస్తుంటే రాత్రి గోడకి ఆనించుకుని పడుకునేదాన్ని. పొద్దున్న లేవగానే మీరు పడిపోతారేమో అన్న భయంతో పరిగెత్తేదాన్ని. మెలకువ తప్పిన ప్రతిసారీ పాపం చేసినట్టు కుమిలిపోయాను. మీరేమో పైన తాడు కట్టుకుని, కింద నన్ను చూసి జాలి పడుతున్నారు!"

"జాలి కాదు."

"మరేంటి?"

జీవితంలో ఎన్నో రంగులు కలిపిన మేస్త్రికి ఆ ఒక్క మాట కలపడం చేతకాలేదు. "నువ్వు కింద లేకపోతే నాకు పని చేయాలనిపించదు" అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "నీకోసం అనుకున్నాను గానీ, నాకోసమే నిలబెట్టానేమో."

కిటికీ తెరుచుకుంది. లైబ్రేరియన్ పెద్దాయన తల బయటపెట్టి, అందరి మొహాలూ చూసి, వేలు పెదాల దాకా తీసుకెళ్ళి మళ్ళీ దించేశాడు. తల లోపలికి తీసుకుని, కిటికీ మూయకుండా వెళ్ళిపోయాడు. కాసేపటికి తలుపులోంచి ఒక కుర్చీ తెచ్చి ఆమె పక్కన పెట్టి లోపలికి నడిచాడు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. తాడు ముక్క చేతిలోకి తీసుకుని, ముడి గుర్తులు వేలితో తడుముతూ, తోటి పనివాణ్ణి అడిగినట్టు అడిగింది. "ఇది పైన కడతారు కదా. పైకి ఎక్కితేనే కదా కట్టేది. కట్టేదాకా నిచ్చెనకి ఏది ఆధారం?"

మేస్త్రి తలెత్తాడు. "నువ్వే."

"నేనా? నేను నిద్రపోతున్నానని మీకు తెలుసు కదా?"

"తాడు కట్టడం మొదలెట్టాక, ఎక్కేటప్పుడు ఎప్పుడూ నిద్రపోలేదు. నిద్రపోనిచ్చానా నేను? మెట్టుకొక ప్రశ్న. నువ్వు పలికితేనే ఇంకో మెట్టు. గుండీలెన్నో, వారమేదో నాకు తెలీకనా అడిగేది? దిగేటప్పుడు కూడా అంతే, పైన ముడి విప్పకముందు నిన్ను పిలిచి నాలుగు మాటలు అనిపించుకున్నాకే విప్పేవాణ్ణి."

ఆమెకు మూడేళ్ళ పిచ్చి ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చినట్టున్నాయి. చేతిలోని తాడు ముక్కను మెల్లగా నేల మీద పెట్టింది.

"అది నిజమేనమ్మా" అంది అమ్మడు. కళ్ళు తుడుచుకుంటే బుగ్గ నిండా పసుపు అయింది. "మా దగ్గర కూడా అంతే. పైన కట్టేదాకా కింద ఒకరు పట్టుకోవాల్సిందే, విప్పేటప్పుడూ పట్టుకోవాల్సిందే. ఆ రెండుసార్లూ మనిషి లేకపోతే కుదరదు. మిగతా రోజంతా నిలబడడమే తప్పు. నిన్న పొద్దున్న నీకు పాఠం సగమే చెప్పాను."

"ఆ రెండుసార్లూ నేను మెలకువగా ఉండగలనా?"

"డాక్టరుకి చూపిద్దాం. రేపే. ఇది ఎండ వల్లో, నిద్ర చాలకో, ఇంకేదో ఆయనే చెబుతాడు. అప్పటిదాకా నీ పక్కన నేను కూడా పట్టుకుంటాను."

అమ్మడు తన సంచీలోంచి కొత్త తాడు తీసింది. పాలలా తెల్లగా ఉంది. మేస్త్రి దాన్ని భుజాన వేసుకుని ఎక్కాడు. కింద తల్లీ కూతుళ్ళు చెరో కర్ర పట్టుకున్నారు.

"ఇవాళ ఏం వారం?" అన్నాడు మూడో మెట్టు మీద, అలవాటు చొప్పున.

"నాకు తెలుసని మీకు తెలుసు. నోరు మూసుకుని ఎక్కండి. మెలకువగానే ఉన్నాను."

లోపల ఎవరో పుస్తకం చాటున కిసుక్కున నవ్వారు. మేస్త్రి చూరు కడియానికి తాడు తిప్పి, కూతురు కింద నుంచి చెబుతున్నట్టే రెండు కర్రలకీ కలిపి బిగించాడు. పసుపు గోడ మీద ఆ తెల్ల తాడు వీధి చివరికి కూడా కనిపించేలా ఉంది. ముడి లాగి చూసి దిగొచ్చాడు.

ఇక పని మొదలుపెడదామని కుంచె అందుకోబోతుంటే ఆమె చేయి అడ్డం పెట్టింది.

"నేనెక్కుతాను."

"నువ్వా? ఎందుకు?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా పట్టుకుంటున్నాను. పైన ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. మీరు కట్టిన ముడి నా కళ్ళతో చూస్తే గాని నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు."

"మధ్యలో నీకు మళ్ళీ అలా అయితే?" మేస్త్రి కూతురికేసి చూశాడు, ఆమె అడ్డుచెబుతుందని. అమ్మడు తల్లి మొహం కాసేపు చూసింది. తర్వాత సంచీలోంచి పనిలో వాడే తన బెల్టు తీసి తల్లి నడుముకు, భుజాలకు బిగించింది. ఇంకో తాడు తీసుకుని తనే ఎక్కి, పక్క కడియంలోంచి దూర్చి కిందికి వదిలింది. ఒక కొస తల్లి బెల్టుకి, రెండో కొస తన నడుముకు చుట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. "సగం దాకానే అమ్మా. రెండు చేతులూ కర్రల మీద. ఒక్కో మెట్టూ. నేను చాలంటే దిగాలి."

"మరి కింద పట్టుకునేదెవరు?" అంది తల్లి.

అక్కడ మిగిలింది ఒక్కడే. మేస్త్రి వెళ్ళి నిచ్చెన ముందు నిలబడ్డాడు. అడుగు మెట్టు మీద కాలు ఎక్కడ పెట్టాలో, చేతులు ఏ ఎత్తులో ఉండాలో అతనికి తెలియలేదు. ఆమె చూపించింది. కుడి పాదం ఇక్కడ, మోచేతులు ఇలా, మెడ మరీ వెనక్కి వంచితే కళ్ళు తిరుగుతాయి జాగ్రత్త, అని చెప్పి పైకెక్కింది.

మొదటి మెట్టు. రెండోది. ఆమె అడుగు వేసినప్పుడల్లా చిన్న వణుకు కర్రల వెంట దిగి అతని అరచేతుల్లోకి వచ్చింది. ఏ కాలు ముందు పెట్టిందో, ఎక్కడ తడబడిందో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగిందో, చూడకుండానే చేతులకు తెలిసిపోతోంది. ఆమె పాదాలు అతని తల దాటాయి. ఇంకా పైకి వెళ్ళాయి. ఆ అరిగిన చెప్పులు, పగిలిన మడమలు, వెలుగులో ఒక్కొక్క మెట్టూ దూరమవుతున్నాయి. తాడు కట్టింది తనే. ముడి లాగి చూసింది తనే. ఇంకో తాడు కూతురి నడుముకుంది. అయినా వేళ్ళు ఆ కర్రల్లోకి దిగబడిపోతున్నాయి. పైనుండేవాడికి గోడ ఉంటుంది, కుంచె ఉంటుంది, పని ఉంటుంది. కింద ఉండేవాడికి పైనున్న మనిషి తప్ప ఇంకేమీ లేదు.

"ఇక చాలు, దిగవే" అన్నాడు.

"ఉండండి. ఇక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తున్నాయి" అంది పదకొండో మెట్టు మీంచి. ఆమె మాట తేలిపోతూ, హాయిగా ఉంది. "చెట్టు తల మీద ఎంత మెత్తగా ఉందో ఎండ. మేడల మీద బట్టలన్నీ ఎగురుతున్నాయి. ఆ నీలం గోడ ఆసుపత్రిదే కదూ? అదిగో గులాబీ బడి... మనం వేసినవి ఎన్ని ఉన్నాయండీ! మీ ముడి కూడా కనిపిస్తోంది. బాగా కట్టారు."

"భయం వేయట్లేదా?"

"లేదే. మీరు పట్టుకున్నారుగా!"

మేస్త్రి పైకి చూడలేకపోయాడు. ఇన్నేళ్ళూ ఈ చోట ఆమెకు ఈ భయం, రోజుకి పది గంటలు, ఒక్కనాడు కూడా దిగమని అడగకుండా. ఆ భయాన్ని మోసీ మోసీ ఆమె మనసు కాసేపు ఎటో వెళ్ళి విశ్రాంతి తీసుకుంటే, అది తప్పని ఆమే ఏడ్చింది. తనేమో పైన కూర్చుని, ఆమె మొహం హాయిగా ఉందని సంబరపడ్డాడు.

"ఏమండీ, వింటున్నారా?"

"ఊ" అన్నాడు.

కళ్ళలోంచి నీళ్ళు దిగి గడ్డం మీదుగా కారుతున్నాయి. తుడుచుకోవాలంటే ఒక చేయి వదలాలి. మేస్త్రి వదల్లేదు.